ఇంట్లో పార్టీకి డిస్కో ప్లేలిస్ట్ ఎలా చెయ్యాలి

డిస్కో పాటలు ఒక్కోటి విడిగా మూడు నిమిషాలు విని పక్కన పెట్టడానికి చేసినవి కావండి, రాత్రంతా ఆగకుండా ఆడడానికి చేసినవి. అందుకే ఎవరో పెట్టిన డిస్కో హిట్స్ లిస్ట్ తెరిచి షఫుల్ నొక్కి వదిలేస్తే అరగంటలో జనమంతా మళ్ళీ సోఫాల్లోకి, ఫోన్లలోకి వెళ్ళిపోతారు. పాటలు బాలేక కాదు, వరస లేక. అవే పాటలు మంచి వరసలో, పూర్తి నిడివితో పెడితే ఎప్పుడూ స్టెప్పు వెయ్యని బాబాయి కూడా లేస్తాడు. పుట్టినరోజుకో, న్యూ ఇయర్‌కో, ఊరికే ఓ శనివారం రాత్రికో, మూడు గంటలకి సరిపడా లిస్ట్ ఎలా తయారు చెయ్యాలో మొదట్నుంచీ చెప్తాను.

స్టూడియో 54 ఫొటోలు చూసి ఈ మ్యూజిక్ పెద్ద పెద్ద క్లబ్బుల్లో పుట్టిందని చాలామంది అనుకుంటారు. ఆ క్లబ్బు తెరిచింది 1977 ఏప్రిల్‌లో. దానికి ఏడేళ్ళ ముందే, 1970 ఫిబ్రవరి 14న, డేవిడ్ మన్‌కూసో అనే ఆయన న్యూయార్క్ బ్రాడ్‌వే మీద తను ఉండే ఇంట్లోనే ఫ్రెండ్స్‌ని పిలిచి పార్టీ పెట్టాడు, బెలూన్లు, తినడానికి ఏవో, మంచి స్పీకర్లు, మందు అమ్మేది లేదు. ఆ పార్టీలకే తర్వాత ద లాఫ్ట్ అని పేరు పడిపోయింది. కాబట్టి ఇంట్లో పెట్టుకుంటే తక్కువ, క్లబ్బులో అయితే ఎక్కువ అనేమీ లేదు, ఇల్లే దీనికి సొంత చోటు.

ముందు బీట్‌ని చెవికి పట్టించండి

లిస్ట్ చెయ్యడానికి కూర్చునే ముందు ఒక గంట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు మూడు పాటలు శ్రద్ధగా వినండి. మొదటిది హెరాల్డ్ మెల్విన్ అండ్ ద బ్లూ నోట్స్ వాళ్ళ 'ద లవ్ ఐ లాస్ట్', 1973ది. ఫిలడెల్ఫియాలో సిగ్మా సౌండ్ స్టూడియోలో చేశారు, డ్రమ్స్ వాయించింది ఎర్ల్ యంగ్. నాలుగు దెబ్బలకీ నాలుగుసార్లు కాలి డ్రమ్ము పడుతుంది, ప్రతి రెండు దెబ్బల మధ్యా హై హ్యాట్ (ఒకదానిమీద ఒకటి ఉండే రెండు తాళాల్లాంటి పళ్ళాలు) తెరుచుకుని త్స్ అంటుంది. డుమ్ త్స్ డుమ్ త్స్ డుమ్ త్స్. భజనలో చిడతలు పట్టిన మనిషి తాళం తప్పకుండా నిలబెడితే మిగతావాళ్ళు ఎలా కావాలంటే అలా పాడుకోగలిగినట్టు, ఈ డుమ్ త్స్ ఒకటి కదలకుండా ఉంటే పైన వయొలిన్లు, ట్రంపెట్లు, పాడేవాళ్ళు ఎంత స్వేచ్ఛగా అయినా పోవచ్చు. డిస్కో అంటే ఈ పునాదే.

రెండోది చిక్ గ్రూపు 'గుడ్ టైమ్స్', 1979. ఇందులో పాట సంగతి వదిలేసి బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్ గిటార్ ఒక్కటే పట్టుకుని మొదట్నుంచి చివరిదాకా వెళ్ళండి. తర్వాత మళ్ళీ మొదలుపెట్టి ఈసారి నైల్ రాడ్జర్స్ గిటార్ ఒక్కటే వినండి, చక్ చక్ అని తీగలు గీకుతూ బీట్ సందుల్లో దూరిపోతూ ఉంటుంది. పాట మధ్యలో గొంతులు ఆగిపోయి, గిటార్ కూడా తప్పుకుని, బేస్, డ్రమ్స్ మాత్రం మిగిలే చోటు వస్తుంది, దాన్నే బ్రేక్ అంటారు. డాన్స్ ఫ్లోర్ మీద జనం గట్టిగా కేకలు పెట్టేది సరిగ్గా అక్కడే. అదే ఏడాది వచ్చిన 'రాపర్స్ డిలైట్' నిలబడింది ఈ పాట బేస్ మీదే, హిప్ హాప్‌కి తొలి పెద్ద హిట్ అది.

మీ పాటల్లో బ్రేక్ ఎక్కడుందో తెలియకుండా లిస్ట్ చెయ్యకండి. నేను మరీ మరీ చెప్పేది ఈ ఒక్క విషయమే.

పాట వేగం లెక్కెయ్యండి

యాప్‌లేవీ అక్కర్లేదు. పాట పెట్టి 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి 4తో గుణిస్తే నిమిషానికి ఎన్ని బీట్లో వచ్చేస్తుంది. పాట పేరు పక్కన ఆ నంబర్ రాసుకోండి. 'స్టేయిన్ అలైవ్' దాదాపు 104 వస్తుంది, గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద నొక్కేటప్పుడు నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి కాబట్టి సీపీఆర్ ట్రైనింగుల్లో ఈ పాటే తలుచుకోమని చెప్తారు. 'లె ఫ్రీక్' 120 దగ్గర, 'సెప్టెంబర్' 126 దగ్గర, 'బూగీ వండర్‌ల్యాండ్' 130 దాటుతుంది. ఇలా ఒక ముప్పై పాటలకి రాసుకుంటే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే వరస అంటే ముఖ్యంగా ఈ నంబర్లు మెల్లగా పైకి ఎక్కడం, మధ్యలో ఓసారి దిగి మళ్ళీ ఎక్కడం. 104 పాట పక్కనే 132 పాట పెడితే కాళ్ళు తడబడతాయి, జనానికి ఎందుకో తెలీదు కానీ ఆగిపోతారు.

సరైన వెర్షన్ వెతకండి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు

రేడియోలో వెయ్యడానికి అప్పట్లో పాటని మూడు మూడున్నర నిమిషాలకి కోసేసేవాళ్ళు. కోతలో మొదట ఎగిరిపోయేది బ్రేకే. డాన్స్ చేసేవాళ్ళకేమో ఊపు అప్పుడప్పుడే వస్తుంటే పాట అయిపోయేది. టామ్ మౌల్టన్ అనే ఆయన దీనిమీద కూర్చుని, పాటల్ని సాగదీసి, బ్రేక్‌లు పెంచి మిక్సులు చెయ్యడం మొదలుపెట్టాడు. ఒకసారి 7 అంగుళాల ఖాళీ రికార్డు ప్లేట్లు అయిపోయి పెద్ద ప్లేటు మీద పాట ఎక్కించాల్సి వచ్చింది, చూస్తే గాడులు విశాలంగా పడి సౌండ్ ఎంతో గట్టిగా, బేస్ ఎంతో లోతుగా వచ్చింది. 12 అంగుళాల సింగిల్, అంటే ఒక్క పాట కోసం వేసే పెద్ద రికార్డు, అలా పుట్టింది. దుకాణంలో కొనుక్కోవడానికి దొరికిన మొదటి 12 అంగుళాల సింగిల్ 1976లో సాల్‌సోల్ కంపెనీ వేసిన 'టెన్ పర్సెంట్', డబుల్ ఎక్స్‌పోజర్ పాడింది, వాల్టర్ గిబ్బన్స్ మిక్స్ చేసింది, మూడు నిమిషాల పాటని దాదాపు పది నిమిషాలు చేసి పెట్టాడు. వినకపోతే ఈరోజే వినండి.

కాబట్టి వెతికేటప్పుడు ప్రతి పాటకీ 12 ఇంచ్ అనో, ఎక్స్‌టెండెడ్ అనో, ఆల్బమ్ వెర్షన్ అనో చూడండి. 'గుడ్ టైమ్స్' ఆల్బమ్‌లో 8 నిమిషాలు, 'వీ ఆర్ ఫ్యామిలీ' కూడా అంతే, 'డిస్కో ఇన్ఫెర్నో' దాదాపు 11 నిమిషాలు. గ్లోరియా గేనర్ 1975 ఆల్బమ్ 'నెవర్ కెన్ సే గుడ్‌బై' మొదటి వైపు అయితే మూడు పాటలు మధ్యలో ఒక్క సెకను కూడా ఆగకుండా కలిసిపోయి ఉంటాయి, అది కూడా మౌల్టన్ చేసిందే, ఆ వైపు మొత్తం యథాతథంగా ఎత్తి మీ లిస్ట్‌లో పెట్టుకోవచ్చు.

ఇంకో ప్రమాదం ఏంటంటే అప్పటి సింగర్లు చాలామంది తర్వాతెప్పుడో అవే పాటలు మళ్ళీ పాడి రికార్డ్ చేశారు. పేరు అదే, గొంతు అదే, కానీ డ్రమ్స్ బదులు కీబోర్డు టకటక, వయొలిన్లు ఉండవు. చీప్ కలెక్షన్లన్నీ ఇవే. కొన్నిటిమీద రీ-రికార్డెడ్ అని రాసి ఉంటుంది, కొన్నిటిమీద ఉండదు. అసలుది పట్టుకోవాలంటే ఏడాది, కంపెనీ చూడండి. డోనా సమ్మర్, విలేజ్ పీపుల్ అంటే కాసాబ్లాంకా, బీ జీస్ అంటే ఆర్‌ఎస్‌ఓ, చిక్ అంటే అట్లాంటిక్, కేసీ అండ్ ద సన్‌షైన్ బ్యాండ్ అంటే టీకే, సిల్వెస్టర్ అంటే ఫాంటసీ, బోనీ ఎమ్ అంటే హాన్సా. రీమాస్టర్ అని ఉంటే భయం లేదు, అది పాత రికార్డింగే, శుభ్రం చేసి ఇచ్చారంతే.

మొదటి గంట: తినేవాళ్ళు తింటారు, మాట్లాడేవాళ్ళు మాట్లాడతారు

100 నుంచి 112 మధ్య పాటలు ఇక్కడ. జార్జ్ మెక్‌క్రే 'రాక్ యువర్ బేబీ'తో మొదలుపెట్టండి, 1974లో అమెరికాలో నంబర్ వన్, ఫ్లోరిడాలో తయారైంది, డ్రమ్ మెషీన్ వాడి చేసిన తొలి పెద్ద హిట్లలో ఇదొకటి. దాని వెంటనే ఆబ్బా 'డాన్సింగ్ క్వీన్' పెట్టి చూడండి, ఎంత చక్కగా అతుక్కుంటాయో, ఎందుకంటే స్వీడన్‌లో ఆబ్బా వాళ్ళు ఈ పాటకి బీట్ వెతుకుతూ 'రాక్ యువర్ బేబీ' లయనే ముందు పెట్టుకున్నారు. తర్వాత 'రాక్ ద బోట్', 'స్టేయిన్ అలైవ్', 'నైట్ ఫీవర్', 'దట్స్ ద వే', చివర్లో 'గుడ్ టైమ్స్'.

'స్టేయిన్ అలైవ్', 'నైట్ ఫీవర్' దగ్గర దగ్గరగా పెట్టమన్నది ఊరికే కాదు. రెండూ బీ జీస్ పాటలే, ఫ్రాన్స్‌లో వాళ్ళ రికార్డింగ్ జరుగుతుండగా డ్రమ్మర్ డెనిస్ బ్రయన్ ఇంట్లో కష్టం వచ్చి వెళ్ళిపోవాల్సొచ్చింది, అప్పుడు వాళ్ళు 'నైట్ ఫీవర్' డ్రమ్స్‌లోంచి రెండు బార్ల (ఎనిమిది దెబ్బల) ముక్క టేపు కోసి, దాన్ని వలయంగా అతికించి తిప్పుతూ ఆ బీట్ మీద 'స్టేయిన్ అలైవ్' కట్టారు. ఆ పాటలో బీట్ వెంట్రుకవాసి కూడా కదలకపోవడానికి కారణం అదే. రెండూ పక్కపక్కన వింటే తోబుట్టువులని తెలిసిపోతుంది.

ఈ గంటలో ఎవరూ డాన్స్ చెయ్యకపోయినా కంగారుపడి వేగం పెంచకండి. ప్లేట్లు పట్టుకుని నిలబడినవాళ్ళ మడమలు కదులుతున్నాయా చూడండి, కదిలితే చాలు.

రెండో గంట: పాడేవాళ్ళకి

115 నుంచి 122. 'వీ ఆర్ ఫ్యామిలీ', థెల్మా హూస్టన్ 'డోంట్ లీవ్ మి దిస్ వే', డోనా సమ్మర్ 'హాట్ స్టఫ్', 'లె ఫ్రీక్'. 'లె ఫ్రీక్' కథ ఎవరికైనా చెప్పి తీరాలి, 1977 న్యూ ఇయర్ ముందు రాత్రి సింగర్ గ్రేస్ జోన్స్ పిలిచిందని చిక్ గ్రూపు రాడ్జర్స్, ఎడ్వర్డ్స్ స్టూడియో 54కి వెళ్తే గుమ్మం దగ్గర లోపలికి రానివ్వలేదు, ఇంటికొచ్చి ఆ కోపంలోనే వాయిస్తూ తిట్టుతో మొదలుపెట్టిన పాట అది, తర్వాత ఆ తిట్టు తీసేసి 'ఫ్రీక్' అనే మాట పెట్టారు. కోపంలోంచి అంత సంతోషం పుట్టడం నాకు ఎప్పుడు విన్నా ఆశ్చర్యమే.

'ఐ విల్ సర్వైవ్' ఈ గంట మధ్యలో పెట్టండి, చివర్లో వద్దు. మొదట్లో పియానో ఒక్కసారి జలజలా జారి, బీట్ లేకుండా గ్లోరియా గేనర్ మెల్లగా మొదలుపెడుతుంది, ఆ కాస్త వ్యవధిలో డాన్స్ చేసేవాళ్ళకి ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది, డాన్స్ చెయ్యనివాళ్ళు కూడా పాడడానికి దగ్గరికి వస్తారు. రికార్డింగ్ నాటికి ఆమె వెన్నెముక ఆపరేషన్ అయ్యి నడుముకి పట్టీ వేసుకుని ఉంది. కంపెనీ ఈ పాటని 1978లో రికార్డు వెనక వైపు పడేసింది, క్లబ్బుల్లో డీజేలు తిప్పి ఇటు వైపే వేస్తూ పోయేసరికి 1979 మార్చికల్లా నంబర్ వన్. గ్రామీల్లో డిస్కోకి విడిగా అవార్డు ఇచ్చింది ఒక్కసారే, అది ఈ పాటకే వచ్చింది. పాటలో ఆమె వెనక కోరస్ గొంతులే ఉండవు, ఒంటరిగా పాడుతుంది, ఆ కోరస్ మీ ఇంట్లో వాళ్ళు అవుతారన్నమాట.

మన పాటలు పెట్టాల్సింది కూడా ఈ గంటలోనే. దీనికి దారి బిడ్డు అనే ఆయన వేశాడు, బెంగళూరులో పుట్టి ఇంగ్లండ్ వెళ్ళి 1974లో కార్ల్ డగ్లస్‌తో 'కుంగ్ ఫూ ఫైటింగ్' చేసి ప్రపంచమంతా అదరగొట్టిన మనిషి. ఆయనే 1980లో ఖుర్బానీ సినిమాకి 'ఆప్ జైసా కోయీ' చేశాడు, పాడింది లండన్‌లో ఉండే పాకిస్తానీ అమ్మాయి నాజియా హసన్, అప్పటికి ఆమె వయసు 15. మరుసటేడు 'డిస్కో దీవానే'. వీటితోపాటు ఎరప్షన్ వాళ్ళ 'వన్ వే టికెట్' పెట్టి వెంటనే ఉషా ఉతుప్ పాడిన 'హరి ఓం హరి' పెట్టండి, పెద్దవాళ్ళు మొదటి రెండు సెకన్లలోనే నవ్వేస్తారు, ట్యూను అదే మరి. 1982లో డిస్కో డాన్సర్‌తో బప్పి లహరి దేశమంతా ఊపేశాడు, తెలుగులో 1984లో డిస్కో కింగ్ వచ్చింది, 1986లో సింహాసనంలో 'ఆకాశంలో ఒక తార' వచ్చేసరికి అమెరికాలో డిస్కో మాట ఎత్తేవాళ్ళు లేరు, మన ఊళ్ళలో మాత్రం పెళ్ళి మైకుల్లో మోగుతూనే ఉంది. వీటికి ఒక ఇరవై నిమిషాలు ఇవ్వండి. మరీ ఎక్కువ చేస్తే అది వేరే పార్టీ అయిపోతుంది.

మూడో గంట: ఇక ఆపేది లేదు

123 పైన. 'యూ షుడ్ బి డాన్సింగ్', 'ఫంకీటౌన్', బోనీ ఎమ్ 'డాడీ కూల్', 'రస్‌పుతిన్', పిల్లలుంటే 'వై.ఎం.సి.ఎ.', తర్వాత 'సెప్టెంబర్', 'డిస్కో ఇన్ఫెర్నో', 'బూగీ వండర్‌ల్యాండ్'. 'డిస్కో ఇన్ఫెర్నో' పాడిన ట్రాంప్స్ గ్రూపులో డ్రమ్మర్ మళ్ళీ మన ఎర్ల్ యంగే, మొదట చెవికి పట్టించిన ఆ డుమ్ త్స్ ఇక్కడ పూర్తి వేగంతో వినిపిస్తుంది.

ఈ గంట నడుమ లైట్లు ఇంకా తగ్గించి 'ఐ ఫీల్ లవ్' పెట్టండి, ఎనిమిది నిమిషాలదే పెట్టాలి. 1977లో మ్యూనిక్‌లో జార్జియో మొరోడర్, పీట్ బెలోట్ చేశారు. వయొలిన్లు లేవు, గిటార్ లేదు, బేస్ గిటార్ లేదు, అంతా మూగ్ సింథసైజర్, కరెంటుతో శబ్దం పుట్టించే వాయిద్యం. మనిషి చేసింది డోనా సమ్మర్ గొంతు, కీత్ ఫోర్సీ కాలితో కొట్టిన డ్రమ్ము, అంతే. ఈరోజు మీరు వినే టెక్నో, ట్రాన్స్, ఈడీఎం లాంటి ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ అన్నిటికీ తలుపు ఈ పాటే తెరిచింది. దీని ముందు గానీ వెనక గానీ వయొలిన్లు నిండిన పాట పెట్టకండి, తేలిపోతుంది, ముందు 'ఫంకీటౌన్', వెనక సిల్వెస్టర్ 'యూ మేక్ మి ఫీల్' సరిగ్గా సరిపోతాయి.

సిల్వెస్టర్ పేరు వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. డిస్కో పార్టీ అంటే రంగురంగుల విగ్గులు, వెక్కిరింపు స్టెప్పులు అనుకుని కామెడీ చేస్తుంటారు, దయచేసి అలా చెయ్యకండి. ఈ పాటల్ని నిలబెట్టింది న్యూయార్క్, ఫిలడెల్ఫియా, శాన్ ఫ్రాన్సిస్కోల్లోని నల్లజాతి వాళ్ళు, లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్ళు, గే మనుషులు, బయట ఎక్కడా నిశ్చింతగా డాన్స్ చేసే వీల్లేక తమకోసం తాము చేసుకున్న చోట్లివి. 1979 జులై 12న చికాగో బేస్‌బాల్ స్టేడియంలో రెండు మ్యాచ్‌ల మధ్య డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చేశారు, జనం మైదానంలోకి దూకి అంతా ధ్వంసం చేస్తే రెండో మ్యాచ్ ఆడకుండానే పోయింది. ఆ కోపం పాటల మీద మాత్రమే కాదని అప్పుడే చాలామందికి అర్థమైంది. సిల్వెస్టర్ నల్లజాతి గే మనిషి, చర్చిలో పాడి పెరిగిన గొంతు, ఆ పాటలో ఆయన అంత పైకెళ్ళి పాడుతుంటే నవ్వులాటగా ఎలా అనిపిస్తుంది చెప్పండి. సౌండ్ పెంచండి.

అతుకులు, స్పీకర్లు

ఇవి త్వరగా చెప్పేస్తా. షఫుల్ ఆఫ్. ప్లేయర్ సెట్టింగ్స్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగానే రెండోది మొదలవడం) ఉంటే ఐదారు సెకన్లు పెట్టండి, అంతకన్నా ఎక్కువైతే రెండు పాటల బీట్లు ఒకదానిమీద ఒకటి పడి గందరగోళం. అసలు లేకపోయినా ఫర్వాలేదు, మన్‌కూసో కొన్నేళ్ళకి మిక్స్ చెయ్యడమే మానేసి ప్రతి రికార్డూ మొదట్నుంచి చివరిదాకా వేసేవాడు. యాప్‌లో వాల్యూమ్ అన్ని పాటలకీ సమానం చేసే ఆప్షన్ ఆన్ చెయ్యండి, పాత రికార్డింగులు కొన్ని చాలా చిన్నగా వస్తాయి. ఇంటర్నెట్ మీద నమ్మకం పెట్టుకోకుండా ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి, యాడ్స్ వచ్చే అకౌంట్ అయితే ఎవరిదైనా వేరేది అడగండి.

స్పీకర్ ఫోన్‌దీ, టీవీదీ వద్దు, బేస్ రాదు, బేస్ రాకపోతే ఇప్పటిదాకా చెప్పిందంతా వృథా. ఉన్నది ఒకటే బ్లూటూత్ స్పీకర్ అయితే గది మూలకి పెట్టండి, రెండు గోడలు కలిసిన చోట బేస్ బలంగా వస్తుంది. వేరే వేరే కంపెనీల స్పీకర్లు రెండు కలిపి పెట్టకండి, ఒకటి క్షణం ఆలస్యంగా మోగి బీట్ రెండుగా వినబడుతుంది. ట్యూబ్ లైట్ ఆర్పెయ్యండి, ఒక దీపమో, సీరియల్ సెట్టో చాలు. కింద ఫ్లాట్ వాళ్ళకి ముందే చెప్పి, కుదిరితే పైకి పిలిచేయండి.

ఆ రాత్రి మీరు చెయ్యాల్సింది

పూర్తి వెర్షన్లతో మూడు గంటలకి 28, 30 పాటలు పడతాయి, మీరు ఇంకో పది ఎక్కువ పెట్టుకుని ఉంచండి. ఫ్లోర్ మీద జనం తగ్గుతున్నారనిపిస్తే ఉన్న పాట మధ్యలో కోసెయ్యకండి, బ్రేక్ దాకా ఆగండి, చాలాసార్లు అక్కడ మళ్ళీ వచ్చేస్తారు. రాకపోతే తర్వాతి పాట మార్చండి, వేగం పెంచి కాదు, అందరికీ తెలిసిన పాట పెట్టి. ఎవరైనా వచ్చి ఫలానా పాట పెట్టు అని అడిగితే నంబర్ చూసి సరైన గంటలో దూర్చండి, అప్పటికప్పుడు పెట్టకండి.

ఆఖరి పాట 'లాస్ట్ డాన్స్' పెట్టండి, ఇందులో వేరే ఆలోచన వద్దు. పాల్ జబారా రాసిన ఈ పాటకి ఆస్కార్ కూడా వచ్చింది. 1978 నాటి ఎనిమిది నిమిషాల వెర్షన్ వెతకండి, మెల్లగా మొదలై, ఎగిరి, మధ్యలో మళ్ళీ నెమ్మదించి అయిపోయిందేమో అనిపించి చెప్పులు వెతుక్కుంటున్నవాళ్ళని ఇంకోసారి వెనక్కి లాగుతుంది. ఆ నెమ్మదించే చోట లైట్లు వెయ్యకండి.

అయిపోయాక ఇంకొకటి అనే గోల ఎలాగూ లేస్తుంది, దానికి 'లవ్ టు లవ్ యూ బేబీ' దాదాపు 17 నిమిషాలది పక్కన పెట్టుకోండి, పిల్లలు పడుకున్నాక మాత్రమే.